హనుమకొండ నుంచి డాలస్‌కు అసలు ఎన్ని గంటలు? ఒక్కో సైటు ఒక్కో లెక్క చెప్తున్నది

వడ్డేపల్లి_పోరడు:

అందరికీ నమస్తే. ఆగస్టుల మా అమ్మను, బాపును డాలస్‌ల ఉన్న అక్క దగ్గరికి పంపాలె. బాపుకు 68, అమ్మకు 63. ఇద్దరికీ విమానం ఇదే మొదలు, ఇంగ్లీషు అంతంతే. టికెట్ తీసేముందు లెక్క చూసుకుందామంటే తల తిరుగుతున్నది.

హైదరాబాద్–డాలస్ దూరం ఒక సైటు 14,400 అంటది, ఇంకోటి 8,950 అంటది, మూడోది 7,780. ఏది నిజం? సరే 14,400 అనుకుంటే, గంటకు 900 చొప్పున 16 గంటలు రావాలె. టికెట్ మీద 23 ఉన్నది. మళ్ల అదే టికెట్‌ల 15వ తేదీ తెల్లారుజాము 3:30కు బయలుదేరి, అదే 15న సాయంత్రం 4:00కు దిగుతరని ఉన్నది. అంటే పన్నెండున్నర గంటలే గదా? వాపసు జనవరి 10 సాయంత్రం 6:00కు ఎక్కితే 12న తెల్లారుజాము 3:00కు శంషాబాద్, ప్రయాణం 21:30 గంటలట. ఒకే దారికి గంటన్నర ఎట్ల తగ్గింది?

చూస్తున్నది దోహా మీదుగా. లండన్ మీదుగా కూడా దగ్గర దగ్గర అదే ధరకు దొరుకుతున్నది. ఏది మంచిది, హనుమకొండల ఇంటి నుంచి ఎన్ని గంటలకు కదలాలె, తెలిసినోళ్లు జర చెప్పున్రి.

గ్లోబు_మీద_దారం:

మూడు అంకెలూ నిజమే అన్నా, కొలతలు వేరు. 14,400 కిలోమీటర్లు, 8,950 మైళ్లు, 7,780 నాటికల్ మైళ్లు. మైలుకు 1.609 కి.మీ., నాటికల్ మైలుకు 1.852 కి.మీ. పైలట్లూ విమానాల పట్టికలూ వాడేది నాటికల్ మైలు. కొన్ని సైట్లు పక్కన ఏ కొలతో రాయకుండా అంకె ఒక్కటే పెడతాయి, అక్కడే తికమక.

ఈ 14,400 అన్నది గ్లోబు మీద శంషాబాద్ దగ్గర ఓ కొస, డాలస్ దగ్గర ఓ కొస పట్టుకుని దారం బిగిస్తే వచ్చే దూరం. గోడకు వేలాడే మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే తప్పుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పశ్చిమం మీద. రెండూ కలిపితే 175. ఇంకో 5 కలిస్తే భూమికి సరిగ్గా అవతలి వైపు గీతే. అందుకని దారం యూరప్ వైపు పోదు, దాదాపు నిటారుగా ఉత్తరానికి ఎక్కి ధ్రువం పక్క నుంచి అటు కెనడాలోకి దిగుతుంది.

ఆ దారం మీద ఇప్పుడు విమానం ఏదీ లేదు. పోలేక కాదు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. ఆగకుండా ఎగురుతోంది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్–చికాగో కూడా నేరుగా మొదలుపెట్టి తర్వాత ఆపేసింది, అది 13,280 కి.మీ. అంత దూరానికి మోసుకుపోయే ఇంధనంలో కొంత ఆ ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. సీట్లు, సరుకు తగ్గించుకోవాలి. టికెట్ ధర ఎక్కువ పెట్టినా కొనేవాళ్లు రోజూ దొరికే ఊళ్ల మధ్యనే గిట్టుబాటు.

కాబట్టి మీవాళ్లు తిరిగే దూరం ఇలా ఉంటుంది. దోహా మీదుగా 2,910 + 12,740, అంటే 15,650 కి.మీ. దుబాయ్ మీదుగా 2,550 + 12,920, అంటే 15,470. లండన్ మీదుగా 7,750 + 7,630, మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,115 + 8,255, అదీ 15,370. అన్నిట్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 280 కి.మీ., విమానానికి ఇరవై నిమిషాల పని. దూరం చూసి దారి ఎంచుకోవడం దండగ. మధ్యలో ఎక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో అది చూడండి.

ఇవి కూడా దారం లెక్కలే. ఆకాశంలో మూసిన దారులుంటాయి. 2022 నుంచి యూరప్, అమెరికా విమానాలు రష్యా మీదుగా పోలేవు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమాన సంస్థలకు మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిర్ ఇండియా సర్వీసులకు అప్పటి నుంచి చుట్టు పెరిగింది, కొన్ని దారిలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. పాత వ్యాసాల్లో రాసిన గంటలు ఇప్పుడు సరిపోవు. మీరు ఎక్కే నెలకు కంపెనీ ప్రకటించిన టైమే చూడండి.

కాజీపేట_జంక్షన్:

దూరం సంగతి అయిపోయింది, ఇగ టైం. మూడు సంగతులు కలిసిపోయి మిమ్మల్ని గందరగోళం చేస్తున్నాయి.

మొదటిది, టికెట్ మీద రాసే గంటలు గాల్లో ఉండే గంటలు కావు. గేటు దగ్గర చక్రం కదిలిన దగ్గర్నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పోవడం, వరుసలో నిలబడటం, పైకెక్కడం, దిగేముందు నెమ్మదించడం, వీటికి ఒక్కో విమానానికి 30 నుంచి 40 నిమిషాలు పక్కన పెట్టాలి. ఉజ్జాయింపుగా దూరాన్ని 850తో భాగించి 40 నిమిషాలు కలుపుకోండి. దోహాకు 2,910 కి.మీ., మూడున్నర గంటలకు కొంచెం తక్కువ. 40 నిమిషాలు కలిపితే 4:05. టికెట్ మీద 4:20 ఉంటే ఆశ్చర్యం లేదు, ఆ పావుగంట కంపెనీ వాళ్లు చేతిలో పెట్టుకునేది.

రెండోది గాలి. 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెన్ను తడుతుంది. దోహా–డాలస్ 12,740 కి.మీ.కు సగటున 60 కి.మీ. ఎదురుగాలి అనుకుంటే నేల మీద వేగం 840కి పడుతుంది. గాల్లో 15:10, నేల మీది 40 నిమిషాలు కలిపి 15:50. వచ్చేటప్పుడు సగటున 920 వచ్చిందనుకోండి, 13:50 ప్లస్ 40, అంటే 14:30. మీరడిగిన గంటన్నరలో గంటా ఇరవై నిమిషాలు అక్కడుంది. పైగా వాపసు విమానం అదే దారిన రాదు. గాలి ఎక్కడ బాగుంటే అటు జరిగి, దూరం కాస్త పెరిగినా సరే అనుకుని వస్తుంది.

మూడోది గడియారం. మనం యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయానికి) 5:30 ముందు. దోహా 3:00 ముందు. డాలస్ ఆగస్టులో 5:00 వెనక. మీ టికెట్‌నే విడదీస్తా చూడండి:

శంషాబాద్ 3:30కు కదిలితే 4:20 తర్వాత మన టైం 7:50. అప్పుడు దోహాలో 5:20. అక్కడ 2:40 ఆగి 8:00కు ఎక్కుతారు. 16 గంటల ప్రయాణం తర్వాత దోహా గడియారం అర్ధరాత్రి 12:00 కొడుతుంది. డాలస్ దోహాకు 8 గంటలు వెనక, కాబట్టి అక్కడ అదే రోజు సాయంత్రం 4:00. నడిచిన గంటలు 4:20 + 2:40 + 16:00, మొత్తం 23. మీకు కనపడ్డ పన్నెండున్నరకు మనకూ డాలస్‌కూ ఉన్న 10:30 తేడా కలిపినా అదే 23.

ఈ లెక్క ఏ టికెట్‌కైనా పనికొస్తుంది. అమెరికా పోయేటప్పుడు గడియారాల తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. మీ వాపసుకు: 10న సాయంత్రం 6:00 నుంచి 12న 3:00 దాకా 33 గంటలు, అందులోంచి 10:30 తీస్తే 22:30. టికెట్ మీద 21:30 అని వేసి ఉంటే సైటు తప్పు.

గ్లోబు_మీద_దారం:

జంక్షన్ గారూ, సైటు కరెక్టే. జనవరిలో 10:30 కాదు, 11:30 తీసేయాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మనం ఎప్పుడూ జరపం, దోహా, దుబాయ్ వాళ్లూ జరపరు. 33 నుంచి 11:30 తీస్తే 21:30, సరిగ్గా టికెట్ మీదున్నదే.

కాజీపేట_జంక్షన్:

అవునండీ, పొరపాటు నాదే. పోయేది ఆగస్టు, వచ్చేది జనవరి అన్నది మర్చిపోయి ఒకే తేడా వాడేశాను. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే ఇంకో మెలిక. యూరప్ వాళ్లు మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుస్తారు. అమెరికాకూ వాళ్లకూ మధ్య మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం గడియారాల తేడా మారిపోతుంది. ఆ రోజుల్లో టికెట్ ఉంటే చేతిలెక్క కన్నా టికెట్‌నే నమ్మండి.

కరీంనగర్_కమాన్:

లండనా, దోహానా అన్నదానికి. గంటల్లో పెద్ద తేడా లేదు. లండన్ అయితే రెండు విమానాలూ పదేసి గంటలవి. దోహా అయితే ఒకటి చిన్నది, ఇంకోటి 16 గంటలది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మధ్యలో కాళ్లు చాపుకునే అవకాశం సగం దారిలో రావడం మేలని కొందరు లండన్ ఎంచుకుంటారు. నా ఓటు మాత్రం మీ కేసులో దోహాకే. కారణం తెలుగు, హిందీ. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో ప్రతి మూలనా హిందీ వచ్చే సిబ్బంది ఉంటారు. శంషాబాద్ నుంచి దోహా, దుబాయ్ పోయే విమానంలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు లేకుండా ఉండరు. బాపు పక్క సీటాయన్ను తెలుగులోనే అడగొచ్చు.

ఇంకోటి. దోహాలో విమానం మారడానికి వీసా అక్కర్లేదు, లోపలే ఉంటారు. యూరప్, బ్రిటన్‌లలో మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ నియమాలు వేరుగా ఉంటాయి, మారుతుంటాయి. అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉంటుందని వినికిడి మీద పోకుండా ఆయా దేశాల ప్రభుత్వ సైటులో చూసి తర్వాతే డబ్బు కట్టాలి. లండన్‌లో దిగేది హీత్రోలో, ఎక్కేది గాట్విక్‌లో అని ఉన్న టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. ముట్టుకోవద్దు. బయటికి రావాలంటే వీసా కావాలి, సామాను మోసుకుంటూ ఊరు దాటాలి.

అమెరికాలో ఇంకో ఊళ్లో మారే టికెట్ (చికాగో, న్యూయార్క్ ఏదైనా) పెద్దవాళ్లకు అస్సలు వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటనే ఇమిగ్రేషన్. అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ పెట్టెలు అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ. మూడు గంటలు లేకపోతే రెండో విమానం పోయినట్టే. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే చేసేస్తారు, అమెరికాలో దిగాక లోకల్ ప్రయాణికుల్లా బయటికి రావచ్చు. కాకపోతే ఆ పని అబుదాబిలోని ఆగే టైమును తినేస్తుంది, కాబట్టి అక్కడ వ్యవధి ఎక్కువ ఉండేది చూసుకోవాలి.

రెండు మాటలు మందుల గురించి. ఆ 15వ తేదీ మీవాళ్లకు 24 గంటల రోజు కాదు, ముప్పై నాలుగున్నర గంటల రోజు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న గోళీలు అక్కడి గడియారం చూసి వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఒక చేతి గడియారం మన టైం మీదే ఉంచి, డాలస్ చేరేదాకా దాన్నే చూసి వేసుకోవాలి. ఇన్సులిన్ అయితే తిండిని బట్టి కూడా మారుతుంది, డాక్టరుకు టికెట్ చూపించి టైములు కాగితం మీద రాయించుకోండి. మందులు, చీటీ చేతి సంచిలోనే. 16 గంటలు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడిచే దారి పక్క సీటు తీసుకుని గంటన్నరకోసారి లేవమనండి.

వీల్‌చైర్ సాయం టికెట్‌తోనే రాయించండి, కనీసం 48 గంటల ముందు. నడవలేకనే కావాలని కాదు. దోహాలో గేటు నుంచి గేటుకు తీసుకుపోయే మనిషి దొరుకుతాడు, డాలస్‌లో ఇమిగ్రేషన్ దాకా కూడా.

ఎన్‌హెచ్_163:

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఎవరూ చెప్పలే. హనుమకొండ నుంచి శంషాబాద్ 170–175 కి.మీ. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలె. పెద్ద అంబర్‌పేట, బొంగుళూరు, తుక్కుగూడ దాటితే వచ్చేసినట్టే. ఘట్‌కేసర్ దాకా రెండు గంటలు, ఔటర్ మీద ముప్పావుగంట నుంచి గంట. టీ కోసం ఆగితే మొత్తం మూడున్నర. కోమళ్ల, గూడూరు టోల్‌గేట్లు, ఆ పైన ఔటర్ టోల్. ఫాస్టాగ్‌ల పైసలు ముందే చూసుకోవాలె.

ఫోన్ల మ్యాపు ఒక్కోసారి ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా చూపిస్తది, కిలోమీటర్లు తక్కువని. సాయంత్రం పూట అటు పోతే అంతే సంగతులు. డ్రైవర్‌కు ముందే చెప్పున్రి, ఔటరే అని. శని, ఆదివారాలైతే యాదగిరిగుట్ట బండ్లతోని రాయగిరి దగ్గర స్లో అయితది, అరగంట ఎక్కువ పెట్టుకోవాలె.

కాజీపేట నుంచి రైలుకు సికింద్రాబాద్ 132 కి.మీ., రెండు గంటల్ల పోతది, అక్కడి నుంచి పుష్పక్ బస్సు ఉంటది. ఒక్కడే సంచితోని పోయేటోనికి అది బెస్టు. నాలుగు పెద్ద పెట్టెలు, ఇద్దరు పెద్దమనుషులు అంటే కారే.

అంతర్జాతీయ కౌంటర్లు మామూలుగా విమానానికి గంట ముందు మూసేస్తరు. 3:30 విమానమంటే 2:30కే. మొదటిసారి పోయేటోళ్లు, వీల్‌చైర్ ఉన్నోళ్లు 11:30కల్లా అక్కడ ఉండాలె. అంటే ఇంట్ల కారు కదిలేది రాత్రి 7:30కు.

అందరూ తప్పు చేసేది ఏందంటే తేదీ. టికెట్ మీద 15 తెల్లారుజాము 3:30 అని ఉంటే ఇంట్ల నుంచి పోవాల్సింది 14 రాత్రి. 15 రాత్రి అనుకుని మర్నాడు పోయి కౌంటర్ దగ్గర నిలబడితే విమానం పోయి ఇరవై గంటలు అయి ఉంటది, పైసలు కూడా రావు. క్యాలెండర్ల 14 మీద సున్నా చుట్టి పెట్టున్రి.

భద్రకాళి_బండ్:

మన వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టు మొదలైతే ఈ 170 కి.మీ. బాధ ఉండదా? 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది కదా.

గ్లోబు_మీద_దారం:

మొదలైనా అక్కడి నుంచి దేశం లోపలి ఊళ్లకే. డాలస్‌కు మళ్లీ శంషాబాదో, ఢిల్లీయో, ముంబయో పోవాల్సిందే. అన్నట్టు, శంషాబాద్ ఒప్పందంలో 150 కి.మీ. లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు ఉంది. రోడ్డు మీద మామునూరు అంతకన్నా దూరమే, గాల్లో కొలిస్తే 145 దగ్గర. ఆ ఐదారు కిలోమీటర్ల వల్లే శంషాబాద్ వాళ్ల అభ్యంతరం లేదన్న కాగితం దాకా ఆగాల్సి వచ్చింది.

లోకల్ విమానంలో వేరే ఊరు పోయి అక్కడ అంతర్జాతీయం ఎక్కాలనుకునే వాళ్లు ఎవరైనా రెండూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోవాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో కంపెనీకి సంబంధం ఉండదు, కొత్త టికెట్ మన జేబులోంచే. పెట్టెలు కూడా మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి విమానంలో వాళ్లే ఎక్కిస్తారు.

వడ్డేపల్లి_పోరడు:

అందరికీ మస్తు థ్యాంక్స్. ఒకే పీఎన్ఆర్ మీద దోహాదే తీస్తున్న. అంటే 14 రాత్రి 7:30 నుంచి లెక్కేస్తే అక్క ఇంటికి చేరేసరికి ఎన్ని గంటలు? ఫ్రిస్కోల ఉంటరు. దోహాల 2:40 సరిపోతదా?

కాజీపేట_జంక్షన్:

ఇంటి నుంచి విమానం కదిలేదాకా 8 గంటలు. విమానాలూ దోహా ఆగడమూ కలిపి 23. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్‌కు గంట నుంచి రెండు. ఫ్రిస్కోకు కారులో 40 నిమిషాలు, సాయంత్రం ట్రాఫిక్ టైం కాబట్టి గంట అనుకోండి. అటూ ఇటూగా 33 నుంచి 34 గంటలు. టికెట్ మీది 23 చూసి అక్క వంట మొదలుపెట్టకుండా చెప్పండి.

2:40 మామూలు మనిషికి ఎక్కువే. వీల్‌చైర్ వాళ్లను విమానం ఖాళీ అయ్యాక చివర్లో దింపుతారు, అమెరికా విమానం గేటు దగ్గర ఒక్కోసారి అదనపు తనిఖీ ఉంటుంది, గేటు కూడా ముందే మూస్తారు. అందుకని చాలీచాలనట్టు కాదు గానీ, దిగాక కూర్చుని టిఫిన్ చేసే టైం మాత్రం కాదు. మొదట గేటు దగ్గరికి, ఆ తర్వాతే ఏదైనా.

కస్టమ్స్ దగ్గర టైం పోయేది తిండి వల్ల. సకినాలు, సర్వపిండి, చేగోడీలు ఇబ్బంది లేదు. మాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలు పెట్టెలో పెట్టొద్దు. తిండి ఉందా అని అడిగితే ఉందని చెప్పాలి. లేదని చెప్పి దొరికితే జరిమానా, పెట్టెలు విప్పి చూసేసరికి గంట. నూనె తేలే పచ్చడి చేతి సంచిలో 100 మి.లీ. దాటితే సెక్యూరిటీలోనే తీసేస్తారు, పెద్ద పెట్టెలోకి మార్చండి.

ఎన్‌హెచ్_163:

వాపసుకు కారు కూడా ఇప్పుడే రాసి పెట్టుకో తమ్మీ. దిగేది జనవరి 12 తెల్లారుజాము 3:00కు. పెట్టెలు తీసుకుని బయటికొచ్చేసరికి 4:00, 4:15. డ్రైవర్‌కు "12వ తేదీ" అని చెప్తే 12 రాత్రికి తయారవుతడు. 11వ తేదీ రాత్రి 12 కొట్టేలోపు హనుమకొండల కదలాలె అని చెప్పు. జనవరిల ఆలేరు, భువనగిరి మధ్య పొద్దుగాల మంచు కమ్ముతది, వచ్చేటప్పుడు ఘట్‌కేసర్ దాటినంక టీ తాగి, తెల్లారినంకనే ముందుకు రమ్మను.